తాను చేసిన దారి మీదే నడిచే బండి: డోజర్ నేర్చుకునేవారి ప్రశ్నలు, మా జవాబులు

మట్టిపని యంత్రాల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి డోజర్‌వే ఎక్కువ. ముందుగా ఒక మాట. ఊళ్లలో ట్రాక్టర్ ముందు బ్లేడు బిగించినదాన్ని కూడా డోజర్ అనే పిలుస్తారు. ఈ జవాబులు దాని గురించి కావు, ఇనుప చైన్ల మీద నడిచే అసలు బుల్‌డోజర్ గురించి. ఒక్క రైతు ప్రశ్న దగ్గర మాత్రం ట్రాక్టర్ మాట కూడా వస్తుంది.

ప్రశ్న: నాలుగేళ్లుగా జేసీబీ నడుపుతున్నాను. ఓపెన్‌కాస్ట్ గనిలో ఓబీ (బొగ్గు మీద ఉండే మట్టి, రాతి పొర) తీసే కాంట్రాక్టరు డోజర్ ఎక్కమంటున్నారు. "లివర్లు తెలిస్తే చాలు, రెండు రోజుల పని" అంటున్నారు. నిజమేనా సార్?
— ఒక ఆపరేటర్, సత్తుపల్లి

లివర్లు రెండు రోజుల్లోనే వస్తాయి. బ్లేడు చేతికి రావడానికి నెలలు పడుతుంది.

జేసీబీ కాళ్లు దించి ఒకచోట కుదురుకుని తవ్వుతుంది. బకెట్ జానెడు ఎక్కువ దిగినా ఆ గుంట అక్కడే ఉంటుంది, మీ బండికి ఏమీ కాదు. డోజర్‌కు బ్లేడు ముందు, చైను వెనక. బ్లేడు తీసిన గుంటలోకి, వదిలిన దిబ్బ మీదికి రెండు క్షణాల్లో మీరే ఎక్కుతారు. బండి ముక్కు లేస్తే బ్లేడూ లేస్తుంది, ముక్కు వాలితే బ్లేడూ దిగబడుతుంది. ఒక తప్పు ఇంకో తప్పును కంటుంది. ఈ పేజీలో సగం ప్రశ్నలకు మూలం ఇదే.

ఇక లివర్ల సంగతి. ఇప్పటి బండ్లలో ఎక్కువవాటికి ఎడమ చేతి కింద నడక లివర్ ఉంటుంది. ముందుకు తోస్తే ముందుకు, వెనక్కి లాగితే రివర్స్, పక్కకు వంచితే ఆ పక్కకు మలుపు. గేర్లు దాని మీది బటన్లతోనే మారతాయి. కుడి చేతి కింద బ్లేడు లివర్. ముందుకు తోస్తే బ్లేడు దిగుతుంది, లాగితే లేస్తుంది, పక్కలకు వంచితే బ్లేడు ఒక మూల దిగి టిల్ట్ అవుతుంది. బాగా ముందుకు తోస్తే 'ఫ్లోట్'లో పడుతుంది, అంటే బ్లేడు తన బరువుతో నేలను అంటుకుని పోతుంది. కొత్తవాళ్లు తెలియక ఫ్లోట్‌లో పడేసి "బ్లేడు మాట వినడం లేదు" అంటుంటారు. కంపెనీని బట్టి ఈ అమరిక మారుతుంది కాబట్టి ఎక్కిన బండి బొమ్మల పలక ముందు చదవండి.

మీ జేసీబీ అలవాటు మోసం చేసేది చేతుల దగ్గర కాదు, కాలి దగ్గర. డోజర్‌లో రేజ్ (ఇంజిన్ తిరిగే వేగం) లివర్‌తోనో డయల్‌తోనో ఇంజిన్‌ను పైకి పెట్టి ఉంచుతారు. కుడికాలి కింద ఉన్నది డీసెలరేటర్ పెడల్. తొక్కితే రేజ్ తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. భయపడినప్పుడు కాలు తీసేయడం లారీలో, జేసీబీలో మంచిది. ఇక్కడ కాలు తీస్తే బండి ఎగబడుతుంది. అందుకే మొదటి రెండు రోజులు మట్టి జోలికి పోకండి. ఖాళీ మైదానంలో బ్లేడు నేలకు 40–50 సెంటీమీటర్ల ఎత్తున ఉంచి, 30 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి, ఫస్ట్ గేర్‌లో పోయి కర్ర దగ్గర ఆగడం, డీసెలరేటర్ తొక్కి దాదాపు ఆగాకే రివర్స్ వేయడం, అదే జాడలో వెనక్కి రావడం చేయండి. చైను జాడ ఒకటే గీతలా పడేదాకా ఇదే పని. బండి పరుగులో ఉండగా ముందు నుంచి వెనక్కి మార్చే అలవాటు ఈ రెండు రోజుల్లో అంటుకుందంటే తర్వాత వదలదు, ట్రాన్స్‌మిషన్ మాత్రం వదిలేస్తుంది.

ప్రశ్న: డోజర్ మీద హెల్పర్‌ని. పొద్దున బండి స్టార్ట్ చేసే ముందు ఏమేం చూడాలో వరసగా చెప్పండి.
— మణుగూరు

బండి చదునైన నేల మీద ఉందా అన్నది మొదటి ప్రశ్న. వాలులో ఉంటే డిప్‌స్టిక్ అబద్ధం చెబుతుంది.

ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి అదే మూలకు రండి. బ్లేడు కటింగ్ ఎడ్జ్, మూలల్లోని ఎండ్ బిట్ల బోల్టులు, తోపుడు చేతుల పిన్నులు, సిలిండర్ రాడ్ల మీద ఆయిల్ తడి చూడండి. తర్వాత చైను: షూల (చైను మీది ఇనుప పలకల) వదులైన బోల్టులు, కింది రోలర్ల దగ్గర ఆయిల్ కారిన మరక, చైనును తిప్పే పళ్లచక్రం (స్ప్రాకెట్) పళ్ల మధ్య ఇరుక్కున్న రాళ్లు. వదులైన షూ బోల్టు దగ్గర తుప్పు రంగు పొడి లేదా మెరిసే గీత కనిపిస్తుంది, కళ్లతోనే పట్టేయవచ్చు. ఫైనల్ డ్రైవ్ (స్ప్రాకెట్‌ను తిప్పే గేర్ల పెట్టె) కింద నేల మీద ఆయిల్ చుక్కలుంటే బండి తీయొద్దు, మెకానిక్‌ని పిలవండి.

ఇంజిన్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు, హైడ్రాలిక్ ఆయిల్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. రేడియేటర్ మూత వేడిమీద తీస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది. డీజిల్ ట్యాంకు అడుగున, వాటర్ సెపరేటర్‌లో చేరిన నీళ్లు వదలండి. ఆ నీళ్లు తగ్గాలంటే డీజిల్ పొద్దున కాదు, షిఫ్టు దిగేటప్పుడు నింపాలి. ఖాళీ ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడి తేమ వదులుతుంది.

సెల్ఫ్ 20 సెకన్లకు మించి పట్టుకోవద్దు. అందుకోకపోతే 2 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. స్టార్టయ్యాక 5 నిమిషాలు తక్కువ రేజ్‌లో తిరగనివ్వాలి. ఆపేటప్పుడు కూడా అంతే. వేడి టర్బోకు ఆయిల్ అందకుండా చటుక్కున ఆపితే దాని బేరింగు పోతుంది. దిగే ముందు బ్లేడు, రిప్పర్ (వెనకనున్న, నేలను చీల్చే కొక్కెం) నేలకు ఆన్చి, పార్కింగ్ లాక్ వేసి, బ్లేడు లివర్ లాక్ కూడా వేయాలి. లేచి ఉన్న బ్లేడు కింద దుంగలు పెట్టకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు, మీ ఆపరేటరు పెట్టమన్నా సరే.

ప్రశ్న: నెల రోజులుగా నేర్చుకుంటున్నా. ఎంత జాగ్రత్తగా తోసినా వెనక్కి చూస్తే నేలంతా రేకుల షెడ్డు పైకప్పులా అలలు అలలుగా వస్తోంది. సీనియర్లు నవ్వుతున్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
— ట్రైనీ, గోదావరిఖని

నవ్వేవాళ్లందరూ ఈ అలలు వేసినవాళ్లే. చాలామందికి అలలు పోయాయి కానీ ఎలా పోయాయో చెప్పడం రాదు, అందుకే నవ్వుతారు.

ముందు అల ఎలా పుడుతుందో చూడండి. చైను చిన్న దిబ్బ ఎక్కడం మొదలుపెట్టగానే ముక్కు లేస్తుంది. బ్లేడు లివర్ కదపకపోయినా బ్లేడు పైకి పోతుంది. అక్కడ కోత తగ్గి, కొత్త దిబ్బ మిగులుతుంది. బండి నడుము ఆ పాత దిబ్బ దాటగానే ముక్కు ఒక్కసారి ముందుకు వాలుతుంది. బ్లేడు లోపలికి దిగబడి గుంట పడుతుంది. ఇప్పుడు మీరేం చేస్తారు? బ్లేడు దిగబడ్డాక చూసి పైకి లాగుతారు. అప్పటికి బండి ముందుకొచ్చేసి, చైను ఆ గుంటలోకి దిగుతూ ఉంటుంది. మీ దిద్దుబాటు ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యం. ఆలస్యంగా చేసిన దిద్దుబాటు అలను తగ్గించదు, పెంచుతుంది. ఊయల అవతలికి పోతున్నప్పుడు ఇంకా తోసినట్టు.

కాబట్టి కళ్లను నమ్ముకుంటే కుదరదు. బ్లేడు అంచు ఎలాగూ సీట్లోంచి కనిపించదు. ముక్కు లేస్తోందన్న సంగతి కంటికంటే ముందు కూర్చున్న చోట తెలుస్తుంది: తొడల కింద బరువు మారుతుంది, వీపు సీటుకు ఆనుతుంది. ఆ క్షణంలోనే బ్లేడు కొద్దిగా దించాలి. వీపు సీటు వదులుతోందంటే ముక్కు వాలబోతోంది, అప్పుడు కొద్దిగా లేపాలి. 'కొద్దిగా' అంటే లివర్‌ను పట్టి లాగడం కాదు, వేళ్లతో తాటించి వదిలేయడం. ఒకే పెద్ద కదలికకు బదులు నాలుగు చిన్న తాటింపులు. ట్రైనీల చేతులు గమనిస్తే లివర్‌ను గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉంటారు. మణికట్టు ఆర్మ్‌రెస్ట్‌కి ఆన్చి, బొటనవేలు, రెండు వేళ్లతో పట్టుకోండి. సగం అలలు అక్కడే పోతాయి.

రెండోది, ఖాళీ బ్లేడుతో చదును చేయాలని చూడకండి. బ్లేడు ముందు సగానికి పైగా మట్టి ఉంటే అదే గుంటల్లో రాలుతూ, దిబ్బలను కోస్తూ పోతుంది. మట్టి లేని బ్లేడు ప్రతి ఎగుడు దిగుడునూ అచ్చు వేస్తుంది.

ఇప్పటికే అలలు పడ్డ నేలను అదే దారిలో తోస్తే అవి పోవు. చైను పాత అల మీదే ఊగుతుంది కదా. చదునుగా ఉన్న చోటు చూసుకుని అక్కడ మొదలుపెట్టి, ఫస్ట్ గేర్‌లో, అలలను ఏటవాలుగా దాటుతూ ఒక్కసారి తోయండి. అప్పుడు రెండు చైన్లూ ఒకేసారి దిబ్బ ఎక్కవు, ఊపు సగానికి తగ్గుతుంది. తర్వాతి సారి మామూలు దిశలో రండి.

మట్టి ఎలా పొర్లుతోందో చూడటం కూడా నేర్చుకోండి. బ్లేడు ముందు మట్టి పైనుంచి ముందుకు దొర్లుతూ మరుగుతున్న అన్నంలా కదులుతుంటే కోత సరిగా ఉంది. ఒక మూల నుంచే మట్టి బయటికి పొర్లుతుంటే బ్లేడు ఆ పక్కకు ఒరిగిందేమో చూడండి. బండి తనంతట తాను ఎడమకు లాగుతోందంటే ఎడమ మూల ఎక్కువ లోతు కోస్తోందన్నమాట. దాన్ని స్టీరింగ్‌తో సరిచేయకండి. మలుపు లివర్ వంచితే ఒక చైను బలం తగ్గుతుంది, నిండు బ్లేడు అక్కడే ఆగిపోతుంది. టిల్ట్‌తో ఎడమ మూల కాస్త లేపండి, బండి దానంతట అదే దారిలోకి వస్తుంది. టిల్ట్‌తో బండిని నడిపే రోజు మీరు ట్రైనీ కారు.

ప్రశ్న: గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్లు తోయాలి అని సూపర్‌వైజర్ అడిగితే ఏం చెప్పాలి? లెక్క ఉందా?
— భూపాలపల్లి

ఉంది. తిన్నని (స్ట్రెయిట్) బ్లేడు పట్టే వదులు మట్టి సుమారుగా 0.8 × వెడల్పు × ఎత్తు × ఎత్తు. బ్లేడు 3.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు అనుకుంటే సుమారు 4 క్యూబిక్ మీటర్లు. తోపుడు దూరం 40 మీటర్లు. బరువుతో గంటకు 3 కిలోమీటర్ల వేగమైతే పోవడానికి 0.8 నిమిషం, 6 కిలోమీటర్లతో వెనక్కి రావడానికి 0.4, మార్పులకు 0.1. మొత్తం 1.3 నిమిషాలు, అంటే గంటకు 46 తోపులు, 184 క్యూబిక్ మీటర్లు. గంటలో నికరంగా పని జరిగేది 50 నిమిషాలే అనుకుంటే 153.

ఇది ఆరితేరిన ఆపరేటర్ లెక్క. తయారీదారులు వాడే అంచనాల్లో చైను డోజర్‌కు మంచి ఆపరేటర్‌ది 1.00 అయితే, సగటు ఆపరేటర్‌ది 0.75, కొత్తవాడిది 0.60. అదే బండి, అదే డీజిల్, 153 కాస్తా 115 లేదా 92 అవుతుంది. మీరు నేర్చుకుంటున్నవారైతే 90 చెప్పండి, మొహమాటపడకండి.

పెంచుకునే మార్గాలు మూడు. మొదటిది, మొదటి 15–20 మీటర్లలోనే బ్లేడు నింపి, మిగతా దూరం కోయకుండా మోయాలి. చివరిదాకా కోస్తూ పోతే దారిపొడవునా ఇంజిన్ మూలుగుతుంది, మట్టి పక్కలకు కారిపోతుంది. రెండోది గాడి పద్ధతి. ఒకే దారిలో పదేపదే తోస్తే పక్కలకు కారిన మట్టి రెండు గట్లుగా నిలబడుతుంది. ఆ గట్లు మట్టిని బయటికి పోనివ్వవు. ఉత్పత్తి సుమారు 20 శాతం పెరుగుతుంది. గట్లు బ్లేడు ఎత్తును మించనివ్వకండి. మూడోది, వీలున్నచోట పల్లానికి తోయడం.

చైను జారుతుంటే రేజ్ పెంచడం కాదు, బ్లేడు రెండు వేళ్ల మందం లేపండి. జారే చైను తోపు పెంచదు, కింద గుంట తవ్వి గ్రౌసర్లను (షూల మీది పట్టు అంచులను) అరగదీస్తుంది. దూరం 100 మీటర్లు దాటిందంటే అది డోజర్ పని కాదు. లోడర్, డంపర్ పెట్టమని సూపర్‌వైజర్‌కే చెప్పండి.

ప్రశ్న: పాత మోడల్ డోజర్, రెండు స్టీరింగ్ లివర్లున్నది. పల్లానికి దిగుతూ ఎడమకు తిప్పుదామని ఎడమ లివర్ లాగితే బండి కుడికి తిరిగింది. మెకానిక్ చూసి ఏ లోపమూ లేదన్నాడు. నాకేమైనా భ్రమా?
— మంథని

భ్రమ కాదు, బండిలో లోపమూ లేదు. పాత క్లచ్–బ్రేక్ బండ్ల స్వభావమే అది. ఇది చెప్పకుండా బండి అప్పజెప్పినవాళ్లది తప్పు.

ఆ బండ్లలో ఎడమ లివర్ సగం లాగితే ఎడమ చైనుకు ఇంజిన్‌తో సంబంధం తెగుతుంది. చదునులోనో, బరువు తోస్తున్నప్పుడో అయితే సంబంధం తెగిన చైను వెనకబడుతుంది, కుడి చైను తోస్తుంది, బండి ఎడమకు తిరుగుతుంది. ఇదే మామూలు. ఖాళీగా పల్లానికి దిగేటప్పుడు బండిని లాగుతున్నది ఇంజిన్ కాదు, వాలు. ఇంజిన్ చేసే పని వెనక్కి పట్టి ఉంచడం. ఎడమ చైనును వదిలేస్తే దానికి పట్టు పోయి ముందుకు పరుగెత్తుతుంది, కుడి చైనును ఇంజిన్ పట్టుకునే ఉంటుంది. బండి కుడికి తిరుగుతుంది.

అందుకే వాలులో లివర్ సగం లాగడమన్న మాటే ఉండకూడదు. కొన్ని బండ్లలో లివర్ పూర్తిగా లాగితే ఆ చైను బ్రేక్ పడుతుంది, కొన్నింట్లో బ్రేక్ పెడల్ వేరుగా ఉంటుంది. ఏదైనా సరే, బ్రేక్ పడ్డ చైను నిలిచిపోతుంది, బండి అనుకున్న పక్కకే తిరుగుతుంది. అసలు వాలులో తిప్పకుండా, పైనే దారి సరిచూసుకుని నిటారుగా దిగడం అన్నింటికంటే మేలు.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. పల్లానికి నిండు బ్లేడుతో పోతున్నంతసేపు బండి మామూలుగానే ప్రవర్తిస్తుంది, ఎందుకంటే ఇంజిన్ బరువు లాగుతూ ఉంటుంది. మట్టి వదిలేసిన క్షణమే స్వభావం తిరగబడుతుంది. మీకు జరిగింది సరిగ్గా అక్కడే అయ్యుండాలి. మలుపులో కూడా రెండు చైన్లకూ శక్తి అందే హైడ్రోస్టాటిక్ స్టీరింగ్ బండ్లలో ఈ బెడద లేదు. కొత్త బండి మీద నేర్చుకుని పాతదానికి మారేవాళ్లు అందుకే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

వాలు సంగతి వచ్చింది కాబట్టి: నిటారుగా ఎక్కండి, నిటారుగా దిగండి, అడ్డంగా నడపకండి, వాలు మధ్యలో న్యూట్రల్ చేయకండి. బండి జారడం మొదలైతే బ్లేడు నేలకు దించండి, అదే మీ లంగరు. బోల్తా పడుతుందనిపిస్తే దూకొద్దు. క్యాబిన్ చుట్టూ ఉన్న ఉక్కు చట్రం బెల్టు పెట్టుకుని లోపల కూర్చున్నవాడినే కాపాడుతుంది. దూకినవాడి మీద బండి పడుతుంది.

ప్రశ్న: ఓబీ డంప్ అంచున తోయడానికి భయమేస్తోంది. ఎంత దగ్గరికి పోవచ్చు?
— శ్రీరాంపూర్

భయం ఉండనివ్వండి. డంప్ అంచు గట్టి నేల కాదు, వదులుగా పోసిన మట్టి. మీ బ్లేడు అంచుకు పోవాల్సిన అవసరమే లేదు. మట్టే పోవాలి.

పద్ధతి ఇది. మొదటి తోపు మట్టిని అంచుకు కాస్త వెనకే వదిలేసి రివర్స్ రండి. రెండో తోపు తెచ్చి దానితో మొదటి కుప్పను నెట్టండి. మొదటిది కిందికి పడుతుంది, రెండోది అంచున గట్టులా మిగులుతుంది. మూడోది రెండోదాన్ని నెడుతుంది. ఎప్పుడూ మీకూ అంచుకూ మధ్య ఒక బ్లేడు మట్టి ఉంటుంది. బండి అంచుకు లంబంగానే పోవాలి. ఏటవాలుగా పోతే ఒక చైను ముందు అంచు చేరుతుంది, ఆ ఒక్కచైను కింద మట్టి జారితే చాలు. అంచు దగ్గర తిరగకూడదు, వచ్చిన దారినే వెనక్కి.

షిఫ్టు మొదట్లో, వాన పడ్డాక తప్పనిసరిగా, బండి దిగి అంచు పొడవునా నడిచి చూడండి. అంచుకు సమాంతరంగా సన్నటి పగుళ్లు, వెంట్రుక మందమైనా సరే, కనిపిస్తే ఆ చోటు పని ఆపించి ఓవర్‌మన్‌కు (గని షిఫ్టు పర్యవేక్షకుడికి) చెప్పండి. డంపర్లు వెనక్కి వస్తుండగా వాటి మధ్యలోకి దూరకండి. రివర్స్‌లో మీ వెనక ఎవరున్నారో మెడ తిప్పి చూడండి. హారన్ మోగుతోందిలే అని నమ్ముకోవద్దు, రోజంతా మోగే హారన్‌ను మనుషులు వినడం మానేస్తారు.

ప్రశ్న: నల్లరేగడి నేలలో పని. వారంలో రెండుసార్లు చైను ఊడింది. బిగించినకొద్దీ టకటకమని శబ్దం, బండి బరువుగా నడుస్తోంది. ఏం చేయాలి?
— నంద్యాల

మీరు బిగించాల్సింది కాదు, శుభ్రం చేయాల్సింది. రేగడి స్ప్రాకెట్ పళ్లలో, రోలర్ల మధ్య మేకులా ఇరుక్కుని చైనును తనే లాగిపెడుతుంది. దాని మీద మీరు గ్రీజు కొట్టి ఇంకా బిగిస్తే పిన్నులు, బుష్‌లు, స్ప్రాకెట్ అన్నీ అరుగుతాయి. ఆ టకటక అదే. ప్రతి షిఫ్టు చివర పారతో మట్టి తీసేయండి. రాత్రి ఎండిందంటే గునపం కావాలి.

బిగువు చూసే తీరు: చదును నేల మీద బండిని కాస్త ముందుకు నడిపి, బ్రేక్ కొట్టకుండా ఆగనివ్వండి. పై రోలర్ నుంచి ముందు ఐడ్లర్ (చైను చుట్టి తిరిగే ముందు చక్రం) దాకా చైను మీద తిన్నని కమ్మీ పెట్టి, మధ్యలో కమ్మీకి, షూకి సందు కొలవండి. మధ్యరకం బండ్లలో చాలావాటికి 20–30 మిల్లీమీటర్లు సరైనది, మీ బండి పుస్తకంలో అంకె చూసుకోండి. నీళ్లు కొట్టి కడిగిన చైను మీద కాదు, పనిచేసే స్థితిలోనే కొలవాలి. వదులు చేయాల్సి వస్తే అడ్జస్టర్ ప్లగ్‌ను మెల్లగా, ఒక్క చుట్టుకు మించకుండా తిప్పండి. లోపల గ్రీజు విపరీతమైన ఒత్తిడిలో ఉంటుంది. ప్లగ్ ఊడితే తూటాలా వస్తుంది. ముఖం, మోకాలు దాని ఎదుట పెట్టకండి.

చైను ఊడటానికి ఎక్కువగా చూసే కారణం వదులు చైనుతో, పక్కవాలులో, రివర్స్‌లో గట్టిగా తిప్పడం. ఈ మూడూ కలిస్తే ఊడక మానదు. అడ్జస్టర్ చివరిదాకా పోయినా చైను వదులుగానే ఉంటే పిన్–బుష్ టర్నింగ్ చేయించే సమయం వచ్చింది. అరిగిన పక్కను తిప్పి రెండో పక్క వాడుకోవచ్చు. ఆలస్యం చేస్తే తిప్పడానికి ఏమీ మిగలదు. డోజర్ మరమ్మతు ఖర్చులో సగం దాకా ఈ కింది సామానుదే. అనవసరంగా వేగంగా రివర్స్ వచ్చే ప్రతి ఆపరేటరూ ఆ సగాన్ని పెంచుతాడు.

ప్రశ్న: మూడెకరాల ఎర్రచెలక. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. చైను డోజర్ పెట్టించాలా, బ్లేడు ట్రాక్టర్ చాలా? ఎన్ని గంటలు పడుతుంది?
— రైతు, నారాయణపేట

జానెడు తేడా అయితే ట్రాక్టర్ చాలు. అంతకు మించి కోత ఉంటే, రాళ్లో గట్టి మొరమో ఉంటే చైను డోజర్ చవక.

లెక్క చూడండి. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. ఎత్తున్న సగంలో సగటున 10 సెంటీమీటర్లు కోసి పల్లంలో వేయాలంటే ఎకరానికి సుమారు 200 క్యూబిక్ మీటర్లు. తవ్విన మట్టి దాదాపు పాతిక శాతం ఉబ్బుతుంది కాబట్టి 250. మూడెకరాలకు 750. పైన వేసిన లెక్కలో సగటు ఆపరేటరు గంటకు 115, కొత్తవాడు 92. అంటే ఏడెనిమిది గంటలు. ఈ చదును ఒక్కదానికే ఎవరైనా పదిహేను గంటలు అడిగితే కోత ఎంతో కొలిచి చూపించమనండి.

గంటల కంటే ముఖ్యమైనది పైమట్టి. పైనున్న జానెడు మట్టిని ముందు తీసి గట్టున కుప్పపోయించి, కింద చదును చేశాక మళ్లీ పరిపించండి. దీనికి చదును పనికంటే ఎక్కువ గంటలే పట్టవచ్చు, అయినా ఒప్పుకోండి. అది చేయకపోతే కోసిన సగంలో మూడు నాలుగేళ్లు పైరు పాలిపోయి కనిపిస్తుంది. తడి కూడా చూసుకోండి. గుప్పెడు మట్టి పిడికిట్లో నొక్కితే ముద్దయి, కింద పడేస్తే పగలాలి. చేతికి అంటుకుంటే నాలుగు రోజులు ఆగండి.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. డోజర్ నేర్పిస్తామని, 15 రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామని ఒకచోట డబ్బు అడుగుతున్నారు. గనిలో ఉద్యోగం వస్తుందా?
— ఒక తల్లి, మందమర్రి

అమ్మా, డబ్బు కట్టే ముందు ఒక్కటే అడగండి: ఆ 15 రోజుల్లో పిల్లాడు సీట్లో ఒంటరిగా కూర్చుని నడిపే గంటలు ఎన్ని? ఇరవై మందికి ఒకే బండి ఉంటే రోజుకు అరగంట కూడా రాదు. సిమ్యులేటర్ మీద లివర్లు వస్తాయి, కానీ పైన చెప్పిన ఆ సీటు కింద బరువు మారడం తెరమీద తెలియదు.

గనిలో పనికి 18 నిండాలి. తొలి వైద్య పరీక్ష, గనుల వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ)లో శిక్షణ, ఆపైన ఆ బండి నడపడానికి గని మేనేజర్ రాతపూర్వక అనుమతి, ఇవన్నీ కావాలి. బయటి సర్టిఫికెట్ ఏదీ వీటికి బదులు కాదు. ఇనుప చైను డోజర్ రోడ్డెక్కే బండి కాదు, లోబెడ్ ట్రైలర్ మీదే తరలిస్తారు. కాబట్టి "డోజర్ లైసెన్స్ ఆర్టీవోలో ఇప్పిస్తాం" అనేవాళ్ల మాట అసలే నమ్మకండి.

ఈ ఏడాది అబ్బాయిని మంచి మెకానిక్ దగ్గర పెట్టండి. ఫిల్టర్ మార్చడం, గ్రీజు కొట్టడం, చైను బిగువు కొలవడం చేతికి వస్తే, 18 నిండాక హెల్పర్‌గా చేరి, పైన చెప్పిన అనుమతులు వచ్చాక ఆపరేటర్లు తమంతట తామే సీటు ఇస్తారు. భోజనం వేళ ఖాళీగా ఉన్న బండి మీద, సీనియర్ పక్కన నిలబడి చూస్తుండగా తోసే ఆ అరగంటకు ఎవరూ ఫీజు అడగరు.